రెండోసారి దిగినా అదే నది

"ఒకే నదిలో రెండుసార్లు అడుగు పెట్టలేం" అన్న మాట వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లోనూ వాట్సాప్ శుభోదయాల్లోనూ ఏళ్ల తరబడి తిరుగుతోంది. కింద హెరాక్లిటస్ అని పేరుంటుంది. తాత్పర్యం కూడా తయారుగా ఉంటుంది: అన్నీ మారిపోతాయి, ఏదీ నిలవదు, కాబట్టి దేన్నీ పట్టుకుని వేలాడకు. ఆ సలహా మంచిదో చెడ్డదో అలా ఉంచితే, హెరాక్లిటస్‌కి దాన్ని అంటగట్టడం అన్యాయం. ఆయన చెప్పింది దాదాపు దీనికి ఎదురు. కొన్ని వస్తువులు మారుతూ ఉండబట్టే నిలుస్తాయి, ఆ మార్పుకి ఒక కొలత ఉంటుంది, ఆ కొలతను పట్టుకోవడమే వివేకం. ఇదీ ఆయన వాదం. ఈ తేడా వల్ల ఒరిగేదేమిటని ఎవరైనా అడగొచ్చు. నిన్న చేసిన అప్పు ఇవాళ ఎవరు తీర్చాలి, పదేళ్ల కిందటి నేరానికి ఇప్పుడు ఎవర్ని శిక్షించాలి, ప్రభుత్వం మారితే పాత ఒప్పందాలు చెల్లుతాయా అన్న ప్రశ్నలన్నీ ఈ తేడా దగ్గరే తెగుతాయి. గ్రీకులు వాటిని అలాగే తేల్చుకోవాలని చూశారు.

ముందు ఆధారాల సంగతి. హెరాక్లిటస్ క్రీ.పూ. 500 ప్రాంతంలో ఎఫెసస్‌లో ఉండేవాడు. ఇప్పటి టర్కీలో, పడమటి తీరాన, సెల్చుక్ పట్టణం పక్కన ఆ ఊరి శిథిలాలున్నాయి. ఆయన రాసింది ఒక్కటే పుస్తకం, దాన్ని ఊళ్లోని ఆర్టెమిస్ దేవి ఆలయంలో ఉంచాడని క్రీ.శ. మూడో శతాబ్దపు జీవిత చరిత్రకారుడు డయోజెనిస్ లేర్షియస్ రాశాడు. ఆ పుస్తకం పోయింది. తర్వాతి వెయ్యేళ్లలో రకరకాల రచయితలు తమ తమ అవసరాల కొద్దీ ఎత్తి రాసుకున్న ముక్కలు వందకు పైచిలుకు మిగిలాయి. జర్మన్ పండితుడు హెర్మన్ డీల్స్ 1903లో సోక్రటీస్‌కు ముందటి తత్వవేత్తల ముక్కలన్నీ పోగుచేసి అంకెలు వేశాడు. ఇవాళ్టికీ హెరాక్లిటస్ మాటల్ని ఆ అంకెలతోనే చెప్పుకుంటారు.

ఇలాంటి ముక్క ఏది చేతికొచ్చినా నాలుగు విషయాలు చూడాలి. ఎవరు ఎత్తి రాశారు? అసలు రచయితకు ఎన్నేళ్ల తర్వాత? దేన్ని రుజువు చేయడానికి? ఎత్తి రాసిన మాట ఎక్కడ ఆగి, రాసినవాడి సొంత వివరణ ఎక్కడ మొదలైంది? హెరాక్లిటస్ విషయంలో ఐదోది కూడా ఉంది. ఆయన రాసింది అయోనియా మాండలికం. ఏథెన్స్ వాళ్లది ఆటిక్. ఒక ముక్కలో అయోనియా పదరూపాలు చెదరకుండా ఉంటే అది ఆయన నోటి మాటకు దగ్గర. ఆటిక్ రూపాల్లోకి, తర్వాతి కాలపు పరిభాషలోకి మారిపోయి ఉంటే మధ్యలో ఎవరి చెయ్యో పడిందన్నమాట.

నది మాట మనకు మూడు రూపాల్లో చేరింది. పన్నెండో ముక్క ఇది: "అవే నదుల్లోకి దిగేవాళ్ల మీదికి వేరు వేరు నీళ్లు ప్రవహించి వస్తుంటాయి." స్టోయిక్ అనే గ్రీకు తత్వ సంప్రదాయపు గురువు క్లియాంథీస్ హెరాక్లిటస్ మీద నాలుగు సంపుటాల వ్యాఖ్యానం రాసినవాడు. ఆయన ఈ మాట ఎత్తుకున్నాడని తత్వ సిద్ధాంతాల సారాంశాలు రాసిన ఏరియస్ డిడిమస్ చెప్పాడు, ఏరియస్‌ని క్రీ.శ. నాలుగో శతాబ్దంలో క్రైస్తవ రచయిత యుసీబియస్ ఉటంకించాడు. ఇన్ని చేతులు మారినా వాక్యంలో అయోనియా రూపాలు అలాగే ఉన్నాయి. తొంభై ఒకటో ముక్క, "ఒకే నదిలో రెండుసార్లు దిగడం సాధ్యం కాదు" అన్నది, గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసినది. అంటే ఆరు వందల ఏళ్ల తర్వాతిది. అందులో హెరాక్లిటస్ వాక్యపు పోకడ కన్నా ప్లేటో, అరిస్టాటిల్ ఆ సంగతి చెప్పిన తీరే ఎక్కువ కనిపిస్తుంది. మూడోది, "అవే నదుల్లో దిగుతాం, దిగం, ఉన్నాం, లేం" అన్నది, హోమర్ కావ్యాలకు అంతరార్థాలు చెప్పిన ఒక గ్రంథంలో ఉంది. దాని రచయిత పేరూ హెరాక్లిటసే, కానీ వేరే మనిషి.

ఇక "పాంత రేయ్", అంటే అన్నీ ప్రవహిస్తాయి అన్న నినాదం, మిగిలిన ముక్కల్లో ఎక్కడా లేదు. దాన్ని ఆ రూపంలో చెప్పింది క్రీ.శ. ఆరో శతాబ్దంలో అరిస్టాటిల్ మీద వ్యాఖ్యానం రాసిన సింప్లీషియస్.

మరి ఈ అపార్థం ఎక్కడ పుట్టింది? ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీస్ అంటాడు: అన్నీ కదులుతున్నాయి, ఏదీ నిలవదు అని హెరాక్లిటస్ ఎక్కడో అన్నాడు, వస్తువుల్ని నదీ ప్రవాహంతో పోల్చి ఒకే నదిలో రెండుసార్లు దిగలేవన్నాడు. ఆ "ఎక్కడో" గమనించాలి. ప్లేటో పుస్తకం తెరిచి ఎత్తి రాయడం లేదు, సారాంశం చెబుతున్నాడు. పైగా ఆ సంభాషణలో ఆయనకు పనికొచ్చేది ఒక విపరీత సిద్ధాంతం. అన్నీ క్షణక్షణం మారిపోతుంటే పేర్లు దేనికి అంటుకుంటాయి, తెలుసుకోవడం అంటే ఏమిటి అని పరీక్షించడానికి ఆ సిద్ధాంతం ఎంత పచ్చిగా ఉంటే అంత మంచిది. తర్వాతి వాళ్లంతా హెరాక్లిటస్‌ని ప్లేటో కళ్లతోనే చూశారు.

ప్లేటోని ఇందులో ఒంటరిగా నిలబెట్టడం సరికాదు. అరిస్టాటిల్ చెప్పినదాన్ని బట్టి ప్లేటో కుర్రతనంలో క్రాటిలస్ అనే ఆయనతో తిరిగాడు. ఈ క్రాటిలస్ హెరాక్లిటస్ శిష్య పరంపర అని చెప్పుకుంటూ గురువునే దిద్దబోయాడు: రెండుసార్లు కాదు, ఒక్కసారి కూడా దిగలేం అన్నాడు. పాదం మోపేలోపే నీళ్లు మారిపోతాయి కదా. ఆ దారినే పోయి పోయి, చివరికి ఏ మాటా అనకూడదని తీర్మానించుకుని, వేలు మాత్రం కదిపేవాడట. నిష్ఠగా ఆలోచించేవాడికి పట్టే గతి ఇది, నవ్వి వదిలేయాల్సిన సంగతి కాదు. "ఏదీ నిలవదు" అన్నదాన్ని నిజంగా నమ్మితే నోరు తెరవడానికి కూడా వీలుండదు. తెరిచే లోపే చెప్పదలుచుకున్న వస్తువు పోతుంది, చెప్పేవాడూ పోతాడు. మార్పు గురించి మాట్లాడాలన్నా ఏదో ఒకటి నిలవాలి, లేకపోతే మారింది ఏది?

ఇప్పుడు పన్నెండో ముక్కకే తిరిగి వద్దాం. అందులో ఒకే వాక్యంలో రెండు సంగతులున్నాయి. నదులు అవే, నీళ్లు వేరు. వాదం చేసేవాళ్లు మొదటిదాన్ని వదిలేసి రెండోదాన్ని పట్టుకుపోతారు. నిజానికి ఈ రెండూ ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉన్నాయి. నీళ్లు వేరవుతూ ఉండబట్టే అది నది. ప్రవాహం ఆగితే అది చెరువో మడుగో అవుతుంది. నీళ్లు అలాగే ఉంటాయి, నది పోతుంది. అంటే నదికి ప్రాణం మీదికి తెచ్చేది నిలకడే.

ఎఫెసస్ జనానికి ఇది కళ్లెదుట జరిగే సంగతి. ఆ ఊరి నది కయిస్టర్, ఇప్పటి టర్కీ పేరు కుచుక్ మెండెరెస్. అది కొండల మట్టిని మోసుకొచ్చి సముద్రంలో పోస్తూ తీరాన్ని ముందుకు జరిపింది. క్రీ.పూ. ఐదో శతాబ్దంలోనే హెరోడోటస్ నదులు మేట వేసి చేసిన నేలల గురించి చెబుతూ ఎఫెసస్ పరిసరాల్ని పేర్కొన్నాడు. తర్వాతి శతాబ్దాల్లో ఓడరేవు పూడిపోతూ వచ్చింది, తవ్వించినా మళ్లీ పూడింది. ఒకప్పుడు ఓడలు ఆగిన ఊరి శిథిలాలు ఇప్పుడు సముద్రానికి కొన్ని కిలోమీటర్ల లోపల ఉన్నాయి. రేవులో నీటి కదలిక మందగించిన కొద్దీ మట్టి అడుక్కి దిగింది, రేవు రేవు కాకుండా పోయింది.

హెరాక్లిటస్ ఇదే ఆలోచనను వంటింటి వస్తువుతోనూ చెప్పాడు. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ కళ్లు తిరగడం గురించి రాసిన చిన్న గ్రంథంలో ఆ ముక్క దొరుకుతుంది: "కలియబెట్టకపోతే కికియోన్ కూడా విడిపోతుంది." కికియోన్ అంటే గ్రీకుల బార్లీ పానీయం. హోమర్ కావ్యం ఇలియడ్ పదకొండో సర్గలో ముసలి రాజు నెస్టర్‌కి హెకమిడీ అనే దాసి దాన్ని కలిపి ఇస్తుంది. ప్రామ్నస్ ద్రాక్షసారాయం పోసి, అందులో మేకపాల జున్నును కంచు తురుముపీటతో తురిమి, పైన తెల్లని బార్లీ పిండి చల్లుతుంది. పల్లెల్లో సారాయం బదులు నీళ్లతో, పుదీనా జాతి ఆకు వేసి కలుపుకునేవాళ్లు. ఏ రకంలోనైనా పిండి, జున్ను తురుము కరగవు, ద్రవంలో తేలుతూ ఉంటాయి అంతే. మన రాగి అంబలిని కాసేపు వదిలేస్తే పైన తేట, అడుగున పిండి అయినట్టే కికియోన్ కూడా విడిపోతుంది. గిన్నెలోంచి ఒక్క చుక్క పోలేదు, ఒక్క పలుకు తగ్గలేదు. అయినా కికియోన్ లేదు. దినుసులు లెక్క కట్టి ఇది అదేనా అని తేల్చాలనుకునేవాడికి ఈ గిన్నె చాలు జవాబు చెప్పడానికి. ఆ పానీయం అదిగా ఉండడానికి దినుసులతో పాటు కదలిక కూడా కావాలి, అదీ తగిన పాళ్లలో. మెల్లగా తిప్పితే పిండి అడుగంటుతుంది, విసురుగా తిప్పితే ఒలికిపోతుంది.

ప్లూటార్క్ దీని చుట్టూ ఒక కథ చెప్పాడు. ఊళ్లో జనం ఐకమత్యం గురించి ఏదైనా చెప్పమని అడిగితే హెరాక్లిటస్ మెట్టెక్కి, చన్నీళ్ల గిన్నె తీసుకుని, బార్లీ పిండి చల్లి, పుదీనా జాతి కొమ్మతో కలిపి, తాగేసి వెళ్లిపోయాడట. దొరికినదానితో తృప్తిపడితే ఊరికి శాంతి అని ప్లూటార్క్ అర్థం చెప్పుకున్నాడు. నాకు ఆ అర్థం చాలదనిపిస్తుంది. కలుపుతూ ఉంటేనే కలిసి ఉంటుందన్నది ఆ కొమ్మ తిప్పడంలోనే ఉంది. అయితే ఈ కథ జరిగిందని నమ్మాల్సిన పని లేదు. ఆయన గురించి చెప్పే కథలు చాలావరకు ఆయన వాక్యాల్లోంచే అల్లినవి. ఒంటికి నీరు పట్టి, పేడలో పూడ్చుకుని చచ్చిపోయాడన్న కథ కూడా అంతే. ఆత్మకు నీరు కావడమే చావు, శవాలను పేడకన్నా ముందు పారేయాలి అని ఆయన రాసిన రెండు మాటల్లోంచి ఎవరో పుట్టించారు.

కొలత అన్న మాట ఇంతసేపూ వాడుతున్నాను, అది నా కల్పన కాదని చూపాలి. ముప్ఫయ్యో ముక్క: ఈ జగత్తును దేవుడూ చేయలేదు, మనిషీ చేయలేదు; అది ఎప్పుడూ ఉంది, ఉంటుంది, "కొలతల ప్రకారం రగులుకుంటూ, కొలతల ప్రకారం ఆరిపోతూ ఉండే నిత్యాగ్ని." ముప్ఫయ్యొకటో ముక్కలో భూమి కరిగి సముద్రమైనప్పుడు, అది భూమి కాకముందు ఎంత ఉందో అదే నిష్పత్తికి కొలుస్తే సరిపోతుందంటాడు. జమా ఖర్చుల పుస్తకం రాసే మనిషి భాష ఇది. తొంభయ్యో ముక్కలో ఆ సంగతి విప్పి చెప్పేశాడు: సమస్తం నిప్పుతో మారకం అవుతుంది, నిప్పు సమస్తంతో, "సరుకులు బంగారంతోనూ, బంగారం సరుకులతోనూ మారినట్టు."

ఈ పోలిక గాల్లోంచి రాలేదు. నాణేలు ముద్రించడం మొదలైన ప్రాంతం అదే. పక్కనే లిడియా రాజ్యం, అక్కడ బంగారం వెండి కలిసిన ఎలెక్ట్రం లోహంతో నాణేలు కొట్టారు. 1904, 1905లలో బ్రిటిష్ మ్యూజియం తరఫున డేవిడ్ హోగార్త్ ఎఫెసస్ ఆర్టెమిస్ ఆలయ పునాదుల దగ్గర తవ్వినప్పుడు ఎలెక్ట్రం నాణేలు బయటపడ్డాయి. ప్రపంచంలో మనకు తెలిసిన అతి పాత నాణేల్లో అవి ఉన్నాయి. హెరాక్లిటస్ తన పుస్తకాన్ని దాచాడని చెప్పే ఆలయం అదే. మారకంలో వస్తువు చేతులు మారుతుంది, రూపం మారుతుంది, విలువ మాత్రం లెక్కకు సరిపోవాలి. మార్పు అంటే ఆయన మనసులో ఉన్న చిత్రం ఇదని నాకు గట్టిగా అనిపిస్తుంది. లెక్కలేని ప్రవాహం ఆయన లోకంలో లేదు. సూర్యుడు కూడా తన కొలత దాటడు, దాటితే న్యాయదేవత పరిచారికలైన ఎరినీలు పట్టుకుంటారు అన్నాడు. ఈ మాటకు ఉన్న సాక్ష్యం ప్రత్యేకమైనది. 1962లో థెస్సలొనీకి దగ్గర డెర్వెనీలో ఒక సమాధి వద్ద, చితి మంటల్లో బొగ్గయిపోయిన పపైరస్ చుట్ట దొరికింది. బొగ్గవడం వల్లే ఆ తడి నేలలో కుళ్లకుండా మిగిలింది. క్రీ.పూ. నాలుగో శతాబ్దపు ఆ చేతిరాతలో హెరాక్లిటస్ పేరుతో సహా ఉన్న మాట సూర్యుడి కొలత గురించినదే.

దీనికి ఎదురు వాదం ఉంది, బలమైనదే. గ్రెగరీ వ్లాస్టోస్ వంటి పండితులు "రెండుసార్లు దిగలేం" అన్నదే అసలు రూపమని వాదించారు. ప్లేటో, అరిస్టాటిల్, ప్లూటార్క్ ముగ్గురూ అదే చెబుతుంటే అంత తేలిగ్గా కొట్టేయలేం అన్నారు. జెఫ్రీ కిర్క్ అంతకు ముందే పన్నెండో ముక్క ఒక్కటే అసలైనదన్నాడు. నేను కిర్క్ వైపు. ముగ్గురు సాక్షులు చెప్పారన్నది ముగ్గురూ విడివిడిగా విన్నప్పుడే లెక్కకు వస్తుంది. ఇక్కడ తర్వాతి ఇద్దరూ ప్లేటో చెప్పిన తీరు నడిచిన దారిలోనే ఉన్నారు. ఒకవేళ ఆ రూపాన్ని ఒప్పుకున్నా, అగ్ని, నాణెం, సూర్యుడు, కికియోన్ ముక్కల్ని పక్కన పెట్టుకుని చదవాలి. అవన్నీ కొలత గురించి మాట్లాడుతుంటే ఒక్క నదిని మాత్రం అరాచకానికి గుర్తుగా చదవడం కుదరదు.

ఇక వివేకం. "చాలా తెలిసి ఉండడం బుద్ధి నేర్పదు, నేర్పేదైతే హెసియడ్‌కి, పైథాగరస్‌కి నేర్పేది, జెనోఫనీస్‌కి, హెకటేయస్‌కి కూడా." ఇది నలభయ్యో ముక్క. వీళ్లంతా పేరున్న కవులూ పండితులూ. పేర్లు పెట్టి తిట్టాడు కాబట్టి పొగరుబోతు అన్న పేరొచ్చింది. కానీ ఆయన చదువును కాదనలేదు. వివేకాన్ని ప్రేమించేవాళ్లు చాలా విషయాలు విచారించాల్సిందేనని ఇంకో ముక్కలో ఉంది, చూసి విని నేర్చుకునేవే తనకు ఇష్టమనీ ఉంది. ఆయన ఫిర్యాదు వేరు. హెసియడ్ కావ్యంలో పగలు, రాత్రి ఒకే ఇంట్లో ఎప్పుడూ కలిసి ఉండని ఇద్దరు. ఒకరు గుమ్మం దాటి వెళ్తుంటే ఇంకొకరు లోపలికి వస్తారు. అందరికీ పాఠం చెప్పిన హెసియడ్‌కి పగలూ రాత్రీ ఒక్కటేనని తెలియలేదు అంటాడు హెరాక్లిటస్. రెండు దేవతల పేర్లు, వంశావళి నేర్చుకున్నాడు గానీ, ఒకటి పెరిగిన మేరకే ఇంకొకటి తగ్గుతుందన్న సంబంధం పట్టుకోలేదు. హెసియడ్ ఏ రోజు ఏ పనికి మంచిదో చెడ్డదో కూడా జాబితా రాశాడు. ప్రతి రోజు స్వభావమూ ఒక్కటేనని హెరాక్లిటస్ దాన్ని కొట్టేశాడు. వారం, వర్జ్యం చూసుకునే మనకు ఇది ఎంత సూటిగా తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి ఆయన లెక్కలో వివేకం ఒక్కటే: అన్నిటినీ అన్నిటి గుండా నడిపించే ఆలోచన ఏదో తెలుసుకోవడం. కళ్లూ చెవులూ అబద్ధం చెప్పవు, కానీ వాటి భాష రాని ఆత్మ ఉన్నవాడికి అవి చెడ్డ సాక్షులు. నదిని అందరూ చూస్తారు. నీళ్లు మారుతున్నాయని చూసేవాడు ఒకడు, నది అదే అని చూసేవాడు ఒకడు. రెండూ ఒకే చూపులో పట్టుకున్నవాడికి తెలివి ఉందంటాడాయన.

మనిషి స్వభావం దగ్గరికి వచ్చేసరికి ఈ ఆలోచన పదునెక్కుతుంది. క్లియాంథీస్ నది మాటను ఎత్తుకున్నది అసలు ఆత్మల గురించి చెబుతూనే: తడిలోంచి ఆవిరి లేచినట్టు ఆత్మలూ ఎప్పటికప్పుడు పుడుతూ ఉంటాయి అని. అంటే మనిషీ నదిలాంటివాడే. మరి అందులో ఏది నిలుస్తుంది? నూట పంతొమ్మిదో ముక్క మూడు పదాలది: "మనిషికి అతని నడతే దైవం." ఇది ఎవరికి జవాబో చూస్తే బరువు తెలుస్తుంది. ఇలియడ్ పంతొమ్మిదో సర్గలో గ్రీకు సేనల నాయకుడు అగమెమ్నాన్ తన వీరుడు అకిలీస్‌కి చేసిన అవమానం గురించి నిండు సభలో అంటాడు: తప్పు నాది కాదు, జ్యూస్, విధి, చీకట్లో తిరిగే ఎరినీ నా బుద్ధిని మాయలో పడేశారు. మనవాళ్లు తలరాత మీదికి నెట్టినట్టే. హెరాక్లిటస్ ఆ తలుపు మూసేశాడు. నిన్ను నడిపించే దైవం బయట లేదు, నువ్వు అలవరచుకున్న నడతే అది.

అలాగని నడత పుట్టుకతో రాసిపెట్టి ఉన్నదని కూడా ఆయన అనలేదు. తనను తాను ఎరుక చేసుకోవడం, సరిగ్గా ఆలోచించడం మనుషులందరికీ అందుబాటులో ఉన్నవే అన్నాడు. తాగిన మనిషిని మీసం రాని కుర్రాడు చెయ్యి పట్టి నడిపిస్తాడు, ఎటు అడుగేస్తున్నాడో అతనికి తెలియదు, ఎందుకంటే అతని ఆత్మ తడిసింది. పొడిగా ఉన్న ఆత్మే తెలివైనది, ఉత్తమమైనది. అంటే ఆత్మకూ ఒక స్థితి ఉంది, అది పాడవుతుంది, బాగవుతుంది. కోరికతో పోరాడడం కష్టమనీ, అది కోరుకున్నదాన్ని ఆత్మను వెలగా పెట్టి కొంటుందనీ ఇంకొకచోట చెప్పాడు. ఇక్కడా మారకమే, ఇక్కడా లెక్కే. రాత్రికి రాత్రి కొత్త మనిషివి కావచ్చు అనేవాళ్లకూ, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు అనేవాళ్లకూ ఇందులో చోటు లేదు.

ప్రవాహాన్ని సాకుగా వాడుకోవడం గ్రీకు ప్రపంచంలో అప్పుడే మొదలైంది. సిసిలీలోని సిరక్యూస్‌లో క్రీ.పూ. ఐదో శతాబ్దపు హాస్యనాటకకర్త ఎపికార్మస్ ఒక వాదన రాశాడు. గులకరాళ్ల కుప్పలో ఒకటి కలిపినా తీసినా అదే సంఖ్య ఉంటుందా? ఉండదు. మూర పొడవుకి కాస్త చేర్చినా కోసినా మూర మిగులుతుందా? మిగలదు. మనుషుల్నీ అలాగే చూడు: ఒకడు పెరుగుతున్నాడు, ఒకడు తరుగుతున్నాడు, కాబట్టి నిన్నటి నువ్వూ నేనూ వేరు, ఇవాళ్టి మనం వేరు. ప్లేటో సంభాషణ మీద పేరు తెలియని ఒకాయన రాసిన వ్యాఖ్యానం పపైరస్ మీద దొరికింది, అందులో ఈ నాటకం కథ ఉంది. చందా బాకీ పడ్డవాడు "ఒప్పుకున్నవాణ్ని నేను కాను" అంటాడు. బాకీ రావాల్సినవాడు వాణ్ని కొడతాడు. ఫిర్యాదు చేస్తే "కొట్టినవాడు వేరు, మీరు పట్టుకున్నవాడు వేరు" అంటాడు.

నవ్వు తెప్పించే వాదమే, కానీ ఎక్కడ తప్పిందో చూపాలంటే శ్రమ పడాలి. సంఖ్యకు దాని గులకరాళ్లే సర్వస్వం. మూరకు దాని పొడవే సర్వస్వం. ఒకటి పోతే అది పోయినట్టే. నదికి నీళ్లు సర్వస్వం కావు, కికియోన్‌కి పిండి సర్వస్వం కాదు. బాకీదారు మనిషిని గులకరాళ్ల కుప్పలో చేర్చాడు, నదుల్లో చేర్చాల్సింది. పాడైన చెక్క పాడైనట్టు మారుస్తూ ఏథెన్స్ వాళ్లు కాపాడుకున్న, తమ పురాణ వీరుడు థీసియస్‌ది అని చెప్పే ముప్ఫై తెడ్ల ఓడ గురించి ప్లూటార్క్ చెప్పిన చిక్కు కూడా ఈ కోవలోదే. ఆ ఓడ అదేనా అన్న తగవు ఇప్పటికీ నడుస్తోంది.

ఇదే ప్రశ్నను ఒక గ్రీకు రాజు మన నేల మీద ఎదుర్కొన్నాడు. క్రీ.పూ. రెండో శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన మెనాండర్, బౌద్ధులకు మిళిందుడు. మిళింద పన్హ అనే పాళీ గ్రంథంలో అతనికీ భిక్షువు నాగసేనుడికీ జరిగినట్టు చెప్పే సంవాదంలో మామిడిపళ్ల దొంగ ఒకడొస్తాడు. "తోట యజమాని నాటిన పండు వేరు, నేను కోసుకున్న పండు వేరు, నేను దొంగను ఎలా అవుతాను?" అంటాడు. వాడు దోషేనని రాజు తీర్పు. కోసిన పండు నాటిన పండు వల్లనే వచ్చింది కాబట్టి. రాత్రి తొలిజాములో వెలిగిన దీపశిఖ, చివరి జాములో వెలిగే దీపశిఖ ఒకటి కావు, వేరూ కావు అని నాగసేనుడు ఇంకో ఉపమానం చెబుతాడు. స్థిరమైన ఆత్మ లేదనే బౌద్ధులు కూడా దొంగను వదిలిపెట్టలేదు. వాళ్లు నిలిచేదాన్ని వస్తువులో వెతకలేదు, ఒకదాన్నుంచి ఒకటి పుట్టే వరుసలో చూశారు. హెరాక్లిటస్ కొలతకి దీనికి తేడా ఉంది, కానీ బాకీదారుకి ఇద్దరి దగ్గరా చుక్కెదురే.

అరిస్టాటిల్ హెరాక్లిటస్‌ని బాగా అర్థం చేసుకోలేదనే నా అభిప్రాయం. అయినా ఈ చిక్కుకి మంచి పనిముట్లు ఆయనే తయారుచేశాడు. ఏ మార్పులోనైనా మూడు ఉంటాయన్నాడు: అడుగున ఉండేది, దానికి మొదట లేనిది, తర్వాత వచ్చి చేరింది. సంగీతం రాని మనిషి సంగీతం వచ్చినవాడయ్యాడు. రానితనం పోయింది, వచ్చినతనం చేరింది, మనిషి ఉన్నాడు. ఇది మనిషికి బాగా సరిపోతుంది. నదికి సరిపోదు, ఎందుకంటే అడుగున ఉండాల్సిన నీళ్లే పోతున్నాయి. రాజనీతి గ్రంథం మూడో భాగంలో నగరం ఎప్పుడు అదే నగరం అని అడిగినప్పుడు ఆయనకే ఈ ఇబ్బంది వచ్చింది. పౌరులు పుడుతూ చస్తూ ఉంటారు, గోడలు ఎక్కడైనా కట్టుకోవచ్చు. అక్కడ ఆయన నదిని తలుచుకున్నాడు: నీళ్లు వస్తూ పోతూ ఉన్నా నదిని అదే నది అంటాం కదా అని. చివరికి నగరం అదే అని చెప్పాల్సింది దాని రాజ్యాంగ రూపాన్ని చూసి అన్నాడు. ఆ చర్చ మొదలైందే అప్పు దగ్గర. నిరంకుశుడు పోయి ప్రజాపాలన వచ్చాక, అప్పు చేసింది నిరంకుశుడు, నగరం కాదు అని కొందరు ఎగ్గొట్టజూస్తారు. రాజ్యాంగం మారితే నగరం మారినట్టే అని తేల్చాక, మరి అప్పు తీర్చాలా అంటే, అది వేరే చర్చ అని వదిలేశాడు.

ఏథెన్స్ మాత్రం ఆ చర్చను అప్పటికే ముగించింది. క్రీ.పూ. 404లో స్పార్టా అండతో గద్దెనెక్కిన ముప్ఫైమంది ముఠా వైపువాళ్లు, ఏథెన్స్ ఓడరేవు పిరయస్‌ను పట్టుకున్న ప్రజాపక్షాన్ని ముట్టడించడానికి స్పార్టా దగ్గర 100 టాలెంట్లు అప్పు చేశారు. టాలెంటుకు 6,000 ద్రాక్మాల చొప్పున 6 లక్షల ద్రాక్మాలు. కొద్దికాలం ముందు ఎరెక్థియన్ ఆలయం కట్టిన లెక్కల్లో పనివాడి రోజు కూలి ఒక ద్రాక్మా. 403లో ప్రజాపక్షం గెలిచి ఊళ్లోకి తిరిగొచ్చింది. యుద్ధం కోసం చేసిన అప్పు ఏ పక్షం వాళ్లది వాళ్లే తీర్చుకోవాలని రాజీ ఒప్పందంలో రాసుకున్నారు కూడా. స్పార్టా అప్పు అడిగింది. సభలో చాలామంది లేచి, తీర్చాల్సింది అప్పు చేసినవాళ్లు, ముట్టడికి గురైనవాళ్లు కాదన్నారు. ఒప్పందం అక్షరాలా వాళ్ల పక్షానే ఉంది. అయినా అప్పు నగరానిదని సభ నిర్ణయించింది. తమను ముట్టడించడానికి వాడిన డబ్బుకి ప్రజాపక్షం వాళ్లు కూడా తమ వంతు కట్టారు.